భావము పాత్ర అయినప్పుడు

1921లో జార్జి ఫిట్జ్‌మారిస్ దర్శకత్వమున వెలువడిన అమెరికను మూకచిత్రము ‘ఎక్స్‌పీరియెన్స్’లో నాయకుని పేరు యౌవనము. అతడు ప్రేమను విడిచి, ఆకాంక్ష మాటలు నమ్మి నగరానికి పోతాడు. అక్కడ సుఖము, ప్రలోభము ఎదురవుతాయి. ‘ఎదురవుతాయి’ అనవలెనా, ‘ఎదురవుతారు’ అనవలెనా? చిత్రానికి ఈ సందేహము లేదు. తెరపై నటి నిలిచినది. పేరు అక్షరాలలో కనబడినది. ఇక ఆమె మనిషే. తెలుగు అనువాదకునికి మాత్రము ప్రతి క్రియవద్దా ఈ చిక్కు తప్పదు.

పదునొకండవ శతాబ్దిలో, చందేల కీర్తివర్మ కాలమున, ‘ప్రబోధచంద్రోదయము’ రచించిన కృష్ణమిశ్రునికి సంస్కృత వ్యాకరణమే తోడు వచ్చినది. వివేకము, మోహము పుంలింగములు గనుక రాజులైనారు. శాంతి, శ్రద్ధ స్త్రీలైనారు. మూడవ అంకములో శాంతి తన తల్లియైన శ్రద్ధకై వెదకుతుంది. పరమతదూషణ మితిమీరిన అంకమది. అయినా తల్లి కనబడని బిడ్డ ఉన్నందున నేటికీ చదివించుతుంది.

పదునైదవ శతాబ్దిలో దానిని తెనిగించిన నంది మల్లయ, ఘంట సింగనలకు మరొక సౌకర్యము ఉండినది. వారి కావ్యభాషలో ‘వచ్చెను’ అంటే పురుషునికీ, స్త్రీకీ, అమూర్తభావానికీ చెల్లును. మనకు ‘వచ్చాడు’, ‘వచ్చింది’ వేరు. ‘శ్రద్ధ వచ్చింది’ అంటే భావమూ కావచ్చు, స్త్రీయూ కావచ్చు. ఆ సందిగ్ధతలోనే అందమున్నది. పురుషపాత్రకు ఆ అదృష్టము లేదు.

నేను పనిచేసే భోపాల్‌పట్నంలో హిందీ, తెలుగు ఒకే అంగడిలో వినబడతాయి. హిందీలో లోభము వచ్చినా మగవాడు వచ్చినా ‘ఆయా’ అనే అంటారు. జయశంకర ప్రసాద్ నాటకము ‘కామనా’ (1927) తెలుగు చేయబూనినప్పుడు ఈ భేదము నన్ను బాధించినది. పరదేశమునుండి బంగారము, మద్యము తెచ్చి ద్వీపవాసుల శాంతిని చెరచే విలాస్‌ను ‘విలాసుడు’ అని వ్రాసి కొట్టివేశాను. ఆ ‘డు’ చేరగానే పగటివేషము ఎదుట నిలిచినట్లయినది. ‘విలాస్’ అనే ఉంచాను, అర్థము చెడలేదు.

సంతోష్ వద్ద ఆ ఉపాయము పారలేదు. హిందీలో ఆ మాటకు తృప్తి అని అర్థము; మనకు ఆనందము. విలాస్ మోజులోపడిన కామన కడకు ఆనందమును చేరినదని చదువరి తలచితే నాటకమే తలక్రిందులగును. ‘తృప్తి’ అందామంటే ఆడపేరు. ‘తృప్తుడు’ తృప్తిపొందినవాడే గాని తృప్తి కాడు. ప్రస్తుతానికి ‘సంతోష్’ అనే ఉంచి, అతని తొలి మాటలలో తృప్తి అనే పదమును చేర్చాను. మూకచిత్రము తీసేవానికైతే ఒక ముఖము దొరికితే చాలును.