రాజ్-కోటి: మధ్యలో ఉన్న చిన్న గీత

"మీకు నచ్చిన సంగీత కళాకారుడి గురించి రాయండి" అని మా తెలుగు టీచర్ చెప్పినప్పుడు క్లాసులో సగం మంది ఘంటసాల గారిని తీసుకున్నారు. మిగతావాళ్ళలో ఎక్కువమంది బాలు గారిని. నేను రాజ్-కోటి అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు "రాజకోటి అంటే ఎవరు, పాత విలనా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. కానీ వాడి తప్పేం లేదు. మన ఇళ్ళల్లో ఆ రెండు పేర్లూ ఎప్పుడూ కలిపే పలుకుతారు, ఆగకుండా, ఒకే మనిషి పేరులాగా. మధ్యలో ఉన్న అడ్డగీత కాగితం మీదే కనబడుతుంది, నోట్లో వినబడదు. నా ఉద్దేశంలో ఆ పాటల బలమంతా ఆ గీతలోనే ఉంది. అది పోయాక కూడా ఇద్దరూ సంగీతం చేశారు, మంచి పాటలే చేశారు. అయినా ఆ పాత మోత మళ్ళీ రాలేదు. అదెలా జరిగిందో పాటలు వినే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు వాళ్ళెవరో చెప్పాలి. రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. ఆయన నాన్నగారు టి.వి.రాజు, 'జయసింహ', 'పాండురంగ మహత్యం', 'శ్రీకృష్ణ పాండవీయం' సినిమాల సంగీత దర్శకుడు. కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు. ఆయన నాన్నగారు సాలూరి రాజేశ్వరరావు. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి', 1955లో వచ్చిన 'మిస్సమ్మ' ఆయనవే. ఆ పాటలు మా అమ్మమ్మ ఇప్పటికీ వంట చేస్తూ పాడుకుంటుంది. అంటే ఇద్దరూ మన మద్రాసులో, పెద్ద సంగీత దర్శకుల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు. ఇంత పెద్ద పేర్ల కింద పుట్టినవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంటుందని నాకనిపిస్తుంది. నాన్న చేసినట్టే చేస్తే "కాపీ" అంటారు, చేయకపోతే "చెడగొట్టాడు" అంటారు. వీళ్ళిద్దరూ ఆ రెండిటికీ దొరకలేదు. నాన్నల పాటలకి దగ్గరగా కూడా వెళ్ళలేదు.

వాళ్ళు పని నేర్చుకున్నది చక్రవర్తి గారి దగ్గర. అప్పట్లో తెలుగులో ఏ సినిమా చూసినా సంగీతం చక్రవర్తి అని ఉండేదట. అంత పని ఉన్న చోట సహాయకులుగా ఉంటే చేతికి వేగం వస్తుంది. ఆ వేగం వాళ్ళ పాటల్లో చివరిదాకా ఉంది, మంచికీ చెడుకీ కూడా. 1983లో 'ప్రళయ గర్జన'తో వాళ్ళ సొంత పేరు తెర మీదకి వచ్చింది. అయితే ఊరూరా తెలిసింది మాత్రం 1988లో, చిరంజీవి 'యముడికి మొగుడు'తో. అదే ఏడాది 'ఖైదీ నెం.786', 'త్రినేత్రుడు' కూడా వాళ్ళవే. ఐదేళ్ళు పట్టింది. సినిమావాళ్ళ పిల్లలకి అన్నీ సులువుగా వస్తాయని అనేవాళ్ళు ఈ ఐదేళ్ళని లెక్కలోకి తీసుకోవాలి.

'యముడికి మొగుడు'లో వానపాట ఒకటుంది. నేను దాన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసార్లు విన్నాను. మొదట వినబడేది డ్రమ్ము. అది మనిషి కొట్టిన డ్రమ్ములా ఉండదు, గడియారంలా పక్కాగా ఉంటుంది. దాని మీద కీబోర్డు చిన్న చిన్న ముక్కలుగా దూకుతుంది. ఇంతవరకు వింటే ఇది బొంబాయి డిస్కో పాటే కదా అనిపిస్తుంది. (బప్పీ లహరి గారు 1986లో 'సింహాసనం' చేసి అప్పటికే మనవాళ్ళకి ఆ రుచి అలవాటు చేశారు.) కానీ పల్లవి మొదలయ్యాక అసలు సంగతి తెలుస్తుంది. గొంతులు పాడే వరస పూర్తిగా మన వరస. పెళ్ళిలో ఆడవాళ్ళు గుంపుగా పాడుకోవడానికి కూడా వీలుగా ఉంటుంది. కింద మెషీను, పైన మనిషి. రెండూ ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతాయి. వాళ్ళ హిట్ పాటల్లో నేను విన్నవాటిలో ఎక్కువ భాగం ఈ తోపులాట మీదే నడుస్తాయి. 1993లో 'ముఠామేస్త్రి' టైటిల్ పాట దీనికి ఇంకా మంచి ఉదాహరణ. కూరగాయల మార్కెట్లో కూలీలు పాడే పాట అది. కోరస్ వినండి, కోయంబేడు మార్కెట్లో పొద్దున్నే బస్తాలు దించేటప్పుడు వినబడే కేకల్లా ఉంటుంది. దాని కింద మాత్రం ఎలక్ట్రానిక్ మోత.

మా వీధిలో ఒక అన్నయ్య గిటారు వాయిస్తాడు. ఆయన దగ్గర నాకు గ్లామ్ మెటల్ అనే సంగీతం పరిచయమైంది. ఎనభైల్లో అమెరికాలో జుట్టు పైకి దువ్వి, కళ్ళకి రంగు పూసుకుని, మెరిసే బట్టలు వేసుకుని గట్టిగా గిటార్లు వాయించిన బ్యాండ్లవి. 1981లో ఎంటీవీ అనే టీవీ ఛానల్ వచ్చింది. పాట వినడంతో పాటు చూడటం కూడా మొదలైంది. దాంతో ఈ బ్యాండ్లకి దశ తిరిగింది. ఆ వీడియోలు చూస్తుంటే నాకు మన తెలుగు పాటలే గుర్తొచ్చాయి. పొగ, రంగు లైట్లు, తళతళలాడే జాకెట్లు, హీరో నడుం తిప్పే స్టెప్పు. మనకి ఎంటీవీ అవసరం లేకపోయింది, సినిమా హాలు ఉంది. రాజ్-కోటి పాటలు కూడా ఆ జాకెట్లలాంటివే. హీరో ఒంటి మీద ఎలా మెరుస్తాయో చూసి కుట్టినవి. సంగీతాన్ని ఇలా కుట్టడం తక్కువ పని అని మా పెదనాన్న అంటారు. నేను ఒప్పుకోను. చిరంజీవి ఎలా కదులుతారో తెలియకుండా ఆ దరువు వేయలేరు. అది కూడా ఒక చదువే.

అయితే విమర్శ రాస్తున్నాను కాబట్టి లోపాలూ చెప్పాలి. వాళ్ళ పాటలు వరసగా పది వింటే నాలుగో పాట నుంచి చెవి అలిసిపోతుంది. అదే డ్రమ్ము, అదే ఊపు. 1983 నుంచి 1994 దాకా వందకు పైగా సినిమాలు చేశారు. అంత వేగంలో చేస్తే కొన్ని పాటలు అచ్చులో పోసినట్టు వస్తాయి, వచ్చాయి కూడా. చాలా పాటల్లో చరణం కంటే పల్లవి బాగుంటుంది. పల్లవి కుదిరాక చరణం ఎలాగోలా నింపేశారేమో అనిపిస్తుంది. ఆ కాలంలో ఇళయరాజా గారు తెలుగులో చేసిన 'గీతాంజలి'లో చరణంలోకి వెళ్తే కొత్త గదిలోకి వెళ్ళినట్టుంటుంది. రాజ్-కోటి దగ్గర చాలాసార్లు అదే గదిలో ఇంకోసారి తిరిగినట్టుంటుంది.

ఇక వాళ్ళ పతనం గురించి. చాలామంది పెద్దవాళ్ళు చెప్పే కథ ఇది: 1992లో 'రోజా' వచ్చింది, రెహమాన్ వచ్చాడు, పాతవాళ్ళంతా పోయారు. ఇందులో ఒక తమాషా ఉంది. రెహమాన్ గారు చిన్న వయసులో కీబోర్డు వాయించిన బృందాల్లో రాజ్-కోటి బృందం ఒకటి. అంటే కొత్త శబ్దం వచ్చింది బయట నుంచి కాదు, వాళ్ళ గదిలోంచే. ఈ కథ అమెరికా బ్యాండ్లకి బాగా సరిపోతుంది. 1991లో నిర్వాణా అనే బ్యాండ్ 'నెవర్‌మైండ్' అనే ఆల్బమ్ తెచ్చింది. మాసిన చొక్కాలు, మేకప్ లేని ముఖాలు. ఆ తర్వాత మెరిసే బట్టలవాళ్ళ సంగీతం ఎవరికీ పట్టకుండా పోయింది. కానీ మన జంటకి ఈ కథ సరిపోదు. తేదీలు చూడండి. 'రోజా' తర్వాతే 'ముఠామేస్త్రి' వచ్చింది, 'బంగారు బుల్లోడు' వచ్చింది. 1994 జనవరిలో 'గోవిందా గోవిందా', ఏప్రిల్‌లో 'హలో బ్రదర్'. కీరవాణి గారు కూడా అప్పటికి పెద్ద పేరు అయిపోయారు. అంత పోటీలో కూడా వీళ్ళ పాటలు ఊళ్ళల్లో మోగుతూనే ఉన్నాయి.

'గోవిందా గోవిందా' దగ్గర కాస్త ఆగుతాను. నా దృష్టిలో వాళ్ళు చేసిన వాటిల్లో అదే గొప్పది. అందులో నాగార్జున, శ్రీదేవిల మీద నెమ్మదిగా సాగే యుగళగీతాలు ఉన్నాయి. సాహిత్యం సీతారామశాస్త్రి గారిది. వాటిల్లో డ్రమ్ము వెనక్కి వెళ్ళిపోయింది. ఎప్పుడూ తోసుకునే రెండు చేతులూ మొదటిసారి ఒకదానికొకటి దారి ఇచ్చుకున్నట్టుంటుంది. నేను పైన చెప్పిన చరణం లోపం కూడా ఇక్కడ లేదు. చరణంలో బాలు గారు, చిత్ర గారు పాడే వరస పల్లవికంటే ఎత్తుకి వెళ్తుంది. రాజేశ్వరరావు గారి అబ్బాయి, టి.వి.రాజు గారి అబ్బాయి ఇన్నాళ్ళూ దాచుకున్న నాన్నల చదువు ఇక్కడ బయటపడిందని నాకనిపించింది. పదకొండేళ్ళ తర్వాత వాళ్ళకి కొత్త దారి ఒకటి దొరికింది. సరిగ్గా ఆ ఏడాదే విడిపోయారు.

'హలో బ్రదర్' కథ మీలో చాలామందికి తెలుసు. నాగార్జున కవలలు. ఒకడికి దెబ్బ తగిలితే ఇంకొకడు ఉలిక్కిపడతాడు. థియేటర్లో జనం ఆ కవలల్ని చూసి నవ్విన ఏడాదే, ఆ సినిమాకి పాటలు కట్టిన ఇద్దరూ వేరయ్యారు. ఎందుకు విడిపోయారన్నది వాళ్ళ సొంత విషయం, దాన్ని తవ్వడం విమర్శ కాదు. ఇక్కడ ఆ అమెరికా అన్నలతో ఒక పోలిక మాత్రం నన్ను వదలడం లేదు. మాట్లీ క్రూ అనే బ్యాండ్ నుంచి గాయకుడు విన్స్ నీల్ 1992లో వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఇంకొక గాయకుడితో 1994లో అదే పేరు మీద ఆల్బమ్ తెచ్చారు, పాత ఆల్బమ్‌ల్లా అమ్ముడుపోలేదు. 1997లో విన్స్‌ని మళ్ళీ కలుపుకున్నారు. అక్కడ పేరు మిగిలింది, మనిషి మారాడు. ఇక్కడ మనుషులిద్దరూ మిగిలారు, పేరు ఆగిపోయింది.

విడిపోయాక రాజ్ గారు చేసిన వాటిల్లో 1995లో వచ్చిన 'సిసింద్రీ' వినండి. నాగార్జున కనిపించే హుషారు పాటలో వాద్యాలన్నీ చక్కగా, శుభ్రంగా పేర్చి ఉంటాయి. ఏ శబ్దం ఎక్కడ రావాలో అక్కడే వస్తుంది. నాకు ఆ శుభ్రమే కొంచెం ఎక్కువైనట్టనిపించింది, తోపులాట లేదు. ఆ తర్వాతి ఏడాది 'రాముడొచ్చాడు' చేశారు. తర్వాత ఆయన సినిమాలు తగ్గిపోయాయి. కోటి గారు మాత్రం ఆగలేదు. 1995లోనే 'పెదరాయుడు', 2000లో 'నువ్వే కావాలి', 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'. ఈ చివరి రెండిటిలో మెలోడీ ఎంత తేలిగ్గా ఉంటుందో! అవి మా అమ్మ కాలేజీ రోజుల పాటలు. వాటి మీద ఒక్క మాటన్నా ఇంట్లో భోజనం పెట్టరు. నిజంగానే మంచి పాటలు. కాబట్టి కోటి గారు పడిపోయారంటే ఎవరూ నమ్మకూడదు. కానీ వాటిని 'ముఠామేస్త్రి' పక్కన పెట్టి వినండి. ఆ మెత్తదనం వచ్చింది, ఆ మొండితనం పోయింది. 2004లో ఆయన వెంకటేష్ సినిమా ఒకదానికి సంగీతం చేశారు. దాని పేరు 'మల్లీశ్వరి'! యాభై మూడేళ్ళ కింద నాన్న చేసిన సినిమా పేరే. రెండూ మా ఇంట్లో ఇష్టమే, అమ్మమ్మకి ఒకటి, అమ్మకి ఒకటి.

మన చెన్నైలో చదువుకునే తెలుగు పిల్లలకి ఇదంతా ఎందుకు అని అడగొచ్చు. వడపళని, సాలిగ్రామం, కోడంబాక్కం మీదుగా మనలో చాలామంది రోజూ బస్సులో వెళ్తాం. ఆ ఏవీఎం, ప్రసాద్ స్టూడియోల చుట్టుపక్కలే ఒకప్పుడు తెలుగు పాట పుట్టేది. తర్వాత తెలుగు సినిమా కొంచెం కొంచెంగా హైదరాబాద్ వెళ్ళిపోయింది. రాజ్-కోటి పాటలు ఆ సర్దుకుంటున్న కాలానివి. ఘంటసాల గారికి మనవాళ్ళు ప్రతి ఏడూ సభ పెడతారు, దండ వేస్తారు, పెట్టాలి కూడా. కానీ ఈ ఊళ్ళో పెరిగిన తెలుగువాళ్ళు ఈ ఊరి మోతనీ, బొంబాయి డిస్కోనీ, పల్లె వరసనీ కలిపి చేసిన పాటల గురించి మన సభల్లో ఎవరూ మాట్లాడరు. "అవి డాన్సు పాటలు" అని వదిలేస్తారు. స్కూలు వార్షికోత్సవంలో మాత్రం ఆ పాటలకే మా చేత డాన్సు వేయిస్తారు.

2023 మే నెలలో రాజ్ గారు హైదరాబాద్‌లో కన్నుమూశారు. 68 ఏళ్ళు. ఆ రోజు మా ఇంట్లో టీవీ పెట్టి ఉంది. విడిపోయి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. అయినా "సంగీత దర్శకుడు రాజ్" అనగానే నాన్నకి వెంటనే తెలియలేదు. "ఏ రాజ్?" అన్నారు. "రాజ్-కోటి రాజ్" అని అమ్మ చెప్పాక ఆయన రిమోట్ పక్కన పెట్టేశారు.