ఒక జబ్బుకు ఒకే లెక్క

నకరికల్లులో మిరపకోతకు వెళ్లిన కూలీకి పొలంలోనే గుండెనొప్పి వచ్చిందనుకుందాం. పీహెచ్‌సీలో ఈసీజీ తీసి, 108 ఎక్కించి నరసరావుపేటకో గుంటూరుకో పంపుతారు. అతన్ని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తుంటే, వెంట వచ్చిన భార్య వెళ్లి నిలబడేది, పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర. చేతిలో రేషన్ కార్డు, ఆధార్. ఎంతవుతుందని ఆమె అడగనక్కర్లేదు. ఆ లెక్క అతనికి నొప్పి రాకముందే, పథకాన్ని నడిపే ట్రస్టు పుస్తకంలో రాసి ఉంది.

ఈ పథకం 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జులై నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకింది. పేరు మూడు సార్లు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు అధికారికంగా డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, జనం నోట ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. పేర్ల సంగతి అలా ఉంచి, లోపలి పనితనం చూద్దాం.

అంతా ప్యాకేజీ మీద నడుస్తుంది. మామూలు బిల్లులో మంచానికి ఇంత, పరీక్షకు ఇంత, ఇంజెక్షన్‌కు ఇంత అని వరస పెరుగుతూ పోతుంది. ప్యాకేజీలో జబ్బుకు ఒకటే ధర. మంచం, భోజనం, పరీక్షలు, ఆపరేషన్, మందులు, లోపల అమర్చే స్టెంటో రాడ్డో, ఇంటికెళ్లాక పది రోజుల మందులు, చివరికి బస్సు చార్జీ కూడా అందులోనే. ఇలాంటి ఆలోచనకు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫెటర్, జాన్ థాంప్సన్ రూపమిచ్చారు. అక్కడి వృద్ధుల పథకం మెడికేర్ 1983లో దాన్ని చేపట్టింది. ఫెటర్ వైద్యుడు కాదు, పారిశ్రామిక నిర్వహణ మనిషి. ఆసుపత్రి తయారుచేసే వస్తువు ఏమిటన్న ప్రశ్న అలాంటివాడికే తట్టింది. మందు, పరీక్ష, మంచం విడిభాగాలు. కోలుకున్న రోగే అసలు ఫలితం.

ధర ఒక్కటైతే ఆసుపత్రి నడక మారుతుంది. ఇదివరకు రోగి అదనంగా ఉన్న ప్రతి రోజూ రాబడి. ఇప్పుడు అదే రోజు ఖర్చు. కాబట్టి ఆపరేషన్‌కు ముందు పరీక్షలన్నీ ఒకే పూట ముగించాలి, స్టెంట్లు టోకున బేరమాడి కొనాలి, థియేటర్ ఖాళీగా ఉండకూడదు. ఊళ్లలో వైద్య శిబిరాలు పెట్టడం కూడా, పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులకు పెట్టిన నిబంధనే. నకరికల్లులాంటి ఊళ్లో బడి వరండాలో బీపీ చూసే శిబిరానికీ పట్నంలోని ఆపరేషన్ థియేటర్‌కూ మధ్య దారి అలా పడింది.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. అవసరం లేని ఆపరేషన్ చేయొచ్చు. చేసినదాన్ని చౌకగా కానివ్వొచ్చు. ఈ రెంటికీ అడ్డుగా పెట్టిన మెట్లను దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. మొదటిది ప్రీ-ఆథ్, అంటే ముందస్తు అనుమతి. ఆసుపత్రిలో ఈ పనికే నియమించిన డాక్టరు ఉంటాడు. యాంజియోగ్రామ్, కేస్‌షీట్, రోగి ఫొటో కంప్యూటర్‌లో ఎక్కించి పంపితే, ట్రస్టు వైద్యులు వాటిని చూసి ఔననో కాదనో చెబుతారు. ప్రాణం మీదికొస్తే ఫోన్‌లోనే అనుమతి. ఆపరేషన్ అయ్యాక రెండో మెట్టు: డిశ్చార్జి సారాంశం, పరీక్షల రిపోర్టులు, స్టెంటు డబ్బా మీది స్టిక్కర్, చార్జీ అందిందని రోగి సంతకం, వైద్యం తృప్తిగా జరిగిందని అతనిచ్చే ఉత్తరం. వేలెడంత లేని ఆ స్టిక్కర్ మీద తయారీ నంబరు ఉంటుంది. బిల్లులో రాసిన స్టెంటూ గుండెలో కూర్చున్న స్టెంటూ ఒకటేనని చెప్పాల్సింది అదే. అది ఊడిపోతే క్లెయిం ఆగుతుంది. అందుకే క్యాథ్‌ల్యాబ్‌లో నర్సు డబ్బా విప్పగానే ముందు స్టిక్కర్ తీసి కేస్‌షీట్‌కు అంటిస్తుంది.

మెట్లు సరిపోనిచోట నిబంధననే దిద్దారు. ప్రైవేటులో గర్భసంచి ఆపరేషన్లు అక్కర్లేకున్నా జరుగుతున్నాయని విమర్శలు వచ్చాక, దాంతో కలిపి 133 చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే కేటాయించారు. సర్కారు దవాఖానాలో కూడా ఈ పథకం డబ్బు కొత్త ఏర్పాటు తెచ్చింది. బడ్జెట్ కోసం ఎదురుచూసే చోటికి చేసిన పనిని బట్టి సొమ్ము రావడం మొదలైంది. ప్యాకేజీ మొత్తంలో 35 శాతం వైద్యం చేసిన బృందానికి, 45 శాతం ఆసుపత్రి అభివృద్ధికి, 20 శాతం ట్రస్టు నిధికి అని పంచారు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) వంటి చోట మత్తు డాక్టరు నుంచి థియేటర్ సిబ్బంది దాకా అందరికీ వాటా ఉండటం నాకు ఈ పథకంలో బాగా నచ్చిన భాగం. ఆపరేషన్ ఒక్కరి చేతిలో జరగదని లెక్కలశాఖ ఒప్పుకున్నట్టయింది.

పుట్టుచెవుడు పిల్లలకు పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్‌లో మరింత శ్రద్ధ కనిపిస్తుంది. యంత్రం పెట్టినంత మాత్రాన బిడ్డకు మాట రాదు, నేర్పాలి. అందుకే ఆపరేషన్ తర్వాతి శిక్షణను కూడా చికిత్సలో భాగంగానే లెక్కగట్టారు. 2019 చివర్లో మొదలైన ఆరోగ్య ఆసరాదీ అదే చూపు. ఆపరేషన్ తర్వాత పనికి పోలేని రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 వరకు ఇవ్వాలని అప్పుడు పెట్టారు. కోతకు వెళ్తేనే పొయ్యి వెలిగే ఇంట్లో విశ్రాంతి కూడా ఒక మందేనని దీన్ని రాసినవాళ్లకు తెలుసు.

ఈ ఏర్పాటు భారమంతా పడేది చెల్లింపు తేదీ మీద. ఒకే ధరకు వైద్యం చేసే ఆసుపత్రికి అప్పు మీద స్టెంట్లు కొని, జీతాలిచ్చి, క్లెయిం డబ్బు కోసం నెలలు ఆగే ఓపిక ఉండదు. చిన్న పట్టణంలోని యాభై పడకల ఆసుపత్రికి అసలే ఉండదు. బకాయిలు పేరుకుని 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఇంత జాగ్రత్తగా కట్టినదాన్ని ఖజానా ఆలస్యం ఆపేయడం చూస్తే బాధేస్తుంది.

దానికి నెల ముందే, సెప్టెంబరులో, రాష్ట్ర మంత్రివర్గం కొత్త పద్ధతికి ఆమోదం తెలిపింది. ఖర్చు రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, అది దాటితే 25 లక్షల దాకా ట్రస్టు భరించాలి. కాగితం మీద ఇది తేలిక. కానీ మన కూలీకి స్టెంటుతో సరిపోక బైపాస్ అవసరమై, బిల్లు ఆ గీతను చికిత్స మధ్యలో దాటిందనుకోండి. ఫైలు ఒకరి నుంచి మరొకరికి ఆ రాత్రే మారాలి. అనుమతి రెండోసారి అడగకుండా ఉండాలి. స్టిక్కర్లు, రిపోర్టులు ఇద్దరికీ ఒకే చోట కనిపించాలి. బల్ల దగ్గర నిలబడ్డ ఆమెను మాత్రం ఎవరూ ఇంకో కాగితం తెమ్మనకూడదు.