కాలయంత్రము చేరిన తెలుగు: 'ఆదిత్య 369' పునర్దర్శనము

తెలుగు చలనచిత్రములలో పురాణమునకు కొదువ లేదు. జానపదమునకు అంతకన్నను లేదు. శాస్త్రకల్పన మాత్రము వ్రేళ్ళపై లెక్కింపదగినంత. ఆ కొలదివానిలో నేటికిని మొదటి పీట శ్రీ సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369'దే. 1991 జూలై 18వ తేదీన విడుదలైన ఈ చిత్రము 2025 ఏప్రిల్ 4వ తేదీన మెరుగుపెట్టిన ప్రతితో మరల ప్రదర్శనశాలలకు వచ్చెను. నడుమ గడచిన కాలమున ఇది టెలివిజనులో ఎన్ని పర్యాయములు ప్రసారమైనదో లెక్క చెప్పువారు లేరు. బిలోలి వంటి సరిహద్దు ఊళ్ళలోని తెలుగు కుటుంబములకు ఇది ముఖ్యముగా ఇంటిలో చూచిన చిత్రమే. బాల్యమున చూచినవారము నేడు బిడ్డలతో కూర్చుండి చూచుచున్నాము. ఒక చిత్రమును పదేపదే చూచుటలో లాభమొకటి కలదు. కథ ముందే తెలియును గనుక చెవికి తీరిక చిక్కును. అట్లు తీరికగా విన్న సంగతులే ఈ వ్యాసమునకు విషయము.

కథ అందరు నెరిగినదే. ప్రొఫెసర్ రాందాసు కాలయంత్రమును నిర్మించును. మ్యూజియమునందలి రాయలనాటి వజ్రముపై రాజావర్మ యను ప్రాచీనవస్తులోలుని కన్ను పడును. ఆ దొంగతనమును కిశోర్ అను బాలుడు చూచును. కథానాయకుడు కృష్ణకుమారు, ప్రొఫెసరుగారి కుమార్తె హేమ, ఒక పోలీసు కానిస్టేబులు యంత్రమున మొదట 1526కును, పిమ్మట 2504కును పోవుదురు. మొదటిచోట విజయనగర వైభవము. రెండవచోట మూడవ ప్రపంచయుద్ధము పిదప భూగర్భమున తలదాచుకొన్న మానవజాతి.

ఈ కల్పనకు బీజము 1895లో హెచ్. జి. వెల్స్ వ్రాసిన కాలయంత్ర నవల. వెల్స్ యాత్రికుడు ముందునకే పోవును. 802701వ సంవత్సరమునకు పోయి మానవజాతి రెండుగా చీలియుండుట చూచును. వెనుకకు పోవలెనన్న కోరిక అతనికి బలముగా లేదు. మనవారు మాత్రము యంత్రము చేత చిక్కగానే వెనుకకే పోయిరి, అందును తిన్నగా రాయల సభకే పోయిరి. ఇది తెలుగువాని స్వభావమును పట్టియిచ్చు మార్పు. ప్రేక్షకులు మరువని ఘట్టములును ఎక్కువభాగము అచ్చటివే.

ఆ సభలో మనము వినెడి తెలుగు ఏ కాలపుది? ఈ ప్రశ్న హాస్యమునకు వేయుట లేదు. సంభాషణలు జంధ్యాలగారివి, వాక్యములు నిండుగా, చెవికింపుగా నున్నవి. అయితే 1526లో ప్రజలు ఇంటిలోను సంతలోను మాటాడినది ఇదియేయని శాసనములు చదివినవారెవ్వరు ననరు. ఆనాటి ప్రబంధభాషయు ఇది కాదు. ఇది మన రంగస్థలము పెంచగా, విజయావారి కాలపు చిత్రములు సానపెట్టిన రాజసభల తెలుగు. 1956లో వచ్చిన 'తెనాలి రామకృష్ణ'లోను, 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు'లోను ఎన్. టి. రామారావుగారు రాయలవారై పలికిన ఫణితియే, 1991లో వారి కుమారుడు బాలకృష్ణ నోట మరల వినబడినది. దర్శకులు సింగీతంవారు 'మాయాబజార్' (1957) నాడు కె. వి. రెడ్డిగారికడ సహాయకులుగా పనిచేసినవారు. రాజనర్తకి సింహనందిని ఘట్టమునందలి పాటకు ఇళయరాజాగారి స్వరములో బాలసుబ్రహ్మణ్యముగారు, శైలజగారలతో కూడ పాడుటకు పిలిచినది జిక్కిగారిని. 1955లో 'రోజులు మారాయి'తో ఆంధ్రదేశమంతట మారుమ్రోగిన కంఠమది. సిల్క్ స్మిత తెరపై అడుగువేయగా వెనుకనుండి ఆ పాతగొంతు లేచునప్పటికి ప్రేక్షకునికి నిజముగా కాలము వెనుకకు జరిగినట్లుండును. అయితే ఎంత వెనుకకు? యంత్రము ముల్లు 1526ను చూపినను, అది మనలను దింపినది 1956 ప్రాంతమున.

దీనిని దోషముగా నేను చెప్పుటలేదు. గతమును చూపబూనినవారికి గతమునుగూర్చి తమ బాల్యము నేర్పిన రూపమే దిక్కు. మావంటి వారికి ఆ సంవత్సరమునందు మరియొక విశేషము కలదు. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విడిపోయినప్పుడు నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరినది. ముధోల్, భైంసా ప్రాంతములును, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళును ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 1960 మే 1న మేము మహారాష్ట్రులమైతిమి. మంజీర దాటిన బోధనులో చుట్టములు, ఈవల మేము. ఊరు కదలలేదు, రాజ్యము కదలినది. కనుక రాయల సభలోని ఆ తెలుగు మా పెద్దలకు విజయనగరమును గాక, గీత గీయక పూర్వము తాము కూడ భాగస్వాములైన తెలుగును తలపించుటలో వింత లేదు.

చిత్రమునందలి హాస్యమంతయు ఈ భాషలకే పుట్టినది. సుత్తివేలుగారి కానిస్టేబు రాయల సభలో నిలిచినప్పుడు నవ్వు వచ్చుటకు కారణము వేషభేదము కొంత, వాగ్భేదము మిక్కిలి. నిక్కరు తొడిగిన నేటి మాటయు, పట్టుపుట్టము కట్టిన నాటి మాటయు ఒకదానినొకటి తేరిపార చూచుకొనును. ఇరువైపులను ఒక్క రచయితయే వ్రాసినందున ఏ పక్షమును ఓడిపోదు. జంధ్యాలగారి నేర్పునకు నా దృష్టిలో ఇంతకు మించిన నిదర్శనము ఈ చిత్రమున లేదు.

ఈ భాగమును మా పాఠశాలలో ఏడవ తరగతివారికి చూపినప్పుడు నేనెదురుచూడని విశేషమొకటి గమనించితిని. రాజసభ మాటలు వారికి కష్టమగునని, కానిస్టేబు మాటలు సులభమగునని తలచుట సహజము. జరిగినది దానికి విరుద్ధము. ఆజ్ఞ, అపరాధము, న్యాయము, శిక్ష వంటి మాటలు మరాఠీ మూలమున వారికి చిరపరిచితములు. 'శిక్ష' హిందీలో చదువు. మరాఠీలోను తెలుగులోను దండనయే. కాగా కోస్తా పలుకుబడితో వేగముగా సాగు కానిస్టేబు మాటలకు వారు నా ముఖము చూచిరి. ఇట్టి సహాయమున అపాయమును లేకపోలేదు: 'చేష్ట' యనగా మరాఠీలో ఎగతాళి, తెలుగు వాచకమున ఆ మాట వచ్చినప్పుడెల్ల మా పిల్లలు ఎవరో ఎవరినో వెక్కిరించుచున్నారని భావింతురు. ఏమైనను, ఏ తెలుగు సులభము, ఏ తెలుగు కఠినము అను నిర్ణయము హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుండి చేయదగినది కాదని దీనివలన తేలుచున్నది. మావంటి పాఠశాలల వాచకములు కూర్చువారు దీనిని గమనింపవలసియున్నది. వాడుకపదములే సులభములన్న నియమము సరిహద్దున చెల్లదు.

ఒక బాలిక, రాయలవారికి తెలుగుగాక మరే భాష వచ్చునని అడిగినది. మంచి ప్రశ్న. తుళువ వంశమువాడు, రాజధాని కన్నడదేశమున, శాసనములు కన్నడ, తెలుగు, తమిళ, సంస్కృతములలో. చిత్రములోని సభ తెలుగొక్కటే వినును. నాలుగు భాషలు మ్రోగవలసినచోట ఒక్కటే మ్రోగించుట బహుభాషలనడుమ బ్రతుకు మాకు లోపముగా తోచును. చంద్రమోహనుగారు ధరించిన తెనాలి రామకృష్ణుని రాయల సభలో నిలుపుట చరిత్రకారులు పలువు రంగీకరింపని సంగతి; ఆ కవిని తరువాతి కాలమువానిగా వారెంచుదురు. అయినను అతని 'పాండురంగమాహాత్మ్యము' పండరిపురక్షేత్ర మహిమను చెప్పు కావ్యమన్నది మావారికి చెప్పదగిన మాట. ఆషాఢమున ఈ ప్రాంతపు జనము నడచిపోవు పండరిపురమే అది.

చిత్రమునందు నా కసంతృప్తి కలిగించునది వజ్రము. రాయలనాటినుండి మనకు చేరినవానిలో మిన్నయైనది ఆయన వ్రాసిన 'ఆముక్తమాల్యద'. కాలయంత్రమెక్కి 1526కు పోయినవారి కథ వజ్రముచుట్టు తిరుగుటేగాని తాటాకుచుట్టు తిరుగుట లేదు. వ్యాపారచిత్రమున దొంగలు తాళపత్రముకొరకు పరుగిడరందురేమో. మరాఠీ శాస్త్రకల్పనకు పేరుతెచ్చిన ఖగోళశాస్త్రవేత్త జయంత్ నార్లీకర్‌గారు (1938–2025) ఆ పని చేసి చూపిరి. వారి 'గంగాధరపంతాంచే పానిపత్' కథలో చరిత్రాచార్యుడొకడు 1761 నాటి పానిపట్టు యుద్ధమున మహారాష్ట్రులే గెలిచిన మరియొక లోకమున పడును. అతడు వెదకునది నగలు కాదు, గ్రంథాలయము. తాను వ్రాసిన చరిత్ర సంపుటములనే తీసి, చరిత్ర ఎక్కడ దారి మళ్ళినదో చూచును. తిరిగివచ్చునప్పటికి అతని జేబులో సాక్ష్యముగా మిగిలినది ఒక బఖరునుండి చినిగిన పుట. విశ్వాసరావునకు గుండు తగిలెనా, చెవిప్రక్కగా పోయెనా అన్న ఒక్క వాక్యముపై రెండు లోకములు వ్రేలాడుచున్నవి. ఇంగ్లీషున 11వ తరగతి వాచకమునకెక్కిన ఈ కథను మా ప్రాంతపు పిల్లలెందరో చదివినారు.

మరాఠీ కథ గతమును మార్చి చూచును. తెలుగు చిత్రము గతమునకు నమస్కరించి వచ్చును. ఓటమి మిగిల్చిన బాధవలన అక్కడ 'అట్లు గాక ఇట్లయినచో' అను ప్రశ్న పుట్టినది. రాయల కాలము మనకు వైభవముగా మాత్రమే జ్ఞప్తియందున్నది గనుక మార్చవలెనన్న కోరికయే కలుగలేదు. ఆ ముచ్చటను తప్పుపట్టలేము గాని, యాత్రికులకు 1565 తెలియును, రాయలవారికి తెలియదు అన్న ఒక్క విషయమునుండి ఎంత కరుణరసము పిండవచ్చునో తలచినప్పుడు ఒక మంచి అవకాశము జారిపోయెననిపించును.

2504 భాగము మొదటి భాగమంత మనస్సునకు పట్టదు. భూగర్భనగరము, అణుధార్మికత, యంత్రములు, వెలుగులు, అన్నియు శ్రద్ధతో కూర్చబడినవి. 1991 నాటి సాధనములతో అంత చేయుట సామాన్యము కాదు. అయితే 1526ను మాటలతో నిర్మించినవారు 2504ను దీపములతోను దుస్తులతోను నిర్మించిరి. రాయలనాటినుండి చిత్రము విడుదలైన నాటికి 465 సంవత్సరములు. అచ్చటినుండి 2504కు 513. దాదాపు సమానమైన ఎడము. వెనుకవైపు ఎడమును చూపుటకు ఒక ప్రత్యేకమైన భాషయే పుట్టగా, ముందువైపునకు అట్టి యత్నము కానరాదు. వెల్స్ ఈ సంగతి మరువలేదు. అతని భావికాలపు జనమగు ఎలోయిల భాష మిక్కిలి చిన్నది. కంటికి కనబడు వస్తువుల పేర్లు, కొన్ని క్రియలు మాత్రమే అందు మిగిలియుండును. బుద్ధి కుంచించుకొనిపోవుటను ఆయన భాషద్వారా చూపెను. మరల చూచునపుడెల్ల నేను ఆ భూగర్భనగరపు గోడలవైపు చూతును. అచ్చటి బాలుడు ఏ లిపిలో అక్షరములు దిద్దునో, ఎవరు దిద్దింతురో చిత్రము చెప్పదు. మా తరగతిలో తెలుగు గుణింతమును మరాఠీ బారాఖడి ప్రక్కన వ్రాసుకొని నేర్చుకొను పిల్లలకు ఆ ప్రశ్న 2504 వరకు ఆగునది కాదు. వచ్చు జూన్ మాసమున బడి తెరచినప్పుడు పట్టికలో ఎందరి పేర్లుండునో దానిపైననే అది ఆధారపడియున్నది.