అడ్డం తిరిగిన ఇంజను

1965 నవంబరులో టూరిన్ మోటార్ షోకి లంబోర్గిని కంపెనీ పట్టుకొచ్చింది కారు కాదు, కారు అస్థిపంజరం. పైన బాడీ లేదు. బరువు తగ్గాలని ఒళ్లంతా కన్నాలు పొడిచిన ఉక్కు రేకు చాసిస్, సీట్లు ఉండవలసిన చోటుకు సరిగ్గా వెనక అడ్డంగా పెట్టిన పన్నెండు సిలిండర్ల ఇంజను, అంతే. దానికి ఒంటి మీద బట్ట కుట్టే పని బెర్టోనే సంస్థకు దక్కింది. 1966 మార్చికల్లా జెనీవాలో మియురా నిండు రూపంతో నిలబడింది. ఆ రూపాన్ని మెచ్చుకోని వాళ్లు లేరు. మెచ్చుకోవలసిందే. ఇరవయ్యో శతాబ్దం చేసిన వస్తువులన్నిటిలో అంత అందమైనవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాని మెప్పంతా పైనున్న గీతలకే పోతుంటే మాత్రం మనసొప్పదు. మియురా అందం మొదలైంది ఆ అస్థిపంజరంలో. ఇంజనును అడ్డం తిప్పాలన్న ఒక్క నిర్ణయమే తక్కిన అందాన్నంతా కన్నది.

ట్రాక్టర్లు అమ్మి గడించిన ఫెరూచో లంబోర్గినికి, ఎంజో ఫెరారీకి క్లచ్ దగ్గర మాటామాటా పెరిగిందనీ, ఆ పంతంతోనే 1963లో కార్ల కంపెనీ పుట్టిందనీ చెప్పుకుంటారు. అందులో నిజమెంతైనా, కంపెనీకి మొదటి నుంచీ దొరికిన ఆస్తి జొట్టో బిజ్జరీనీ గీసిన వీ-12 ఇంజను. మియురా నాటికి అది 3929 సీసీకి పెరిగింది. చిక్కంతా దాని పొడుగుతోనే. అంత పొడుగు ఇంజనును సీట్ల వెనక నిలువుగా పెట్టి, దాని వెనక గేర్ బాక్సు తగిలిస్తే కారు రైలు పెట్టెలా సాగిపోతుంది. కంపెనీ ఇంజనీర్లు జాన్ పావ్లో దల్లారా, పావ్లో స్తన్జానీ దాన్ని అడ్డం తిప్పారు. బ్రిటన్‌లో మినీ అనే బుల్లికారు నాలుగు సిలిండర్లతో ముందు భాగంలో చేసిన పనినే వీళ్లు పన్నెండు సిలిండర్లతో వెనక చేశారు. గేర్ బాక్సు, డిఫరెన్షియల్ విడిగా ఉంటే చోటు చాలదు కనుక వాటినీ ఇంజనుతో కలిపి ఒకే పోతలో పోశారు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం రెండున్నర మీటర్లకు కుదిరింది. అప్పటికి ఆ ఇద్దరికీ ముప్పై నిండలేదు. కారును తోలి పరీక్షించి, లోపాలు పట్టి, చక్కదిద్దిన న్యూజీలాండ్ కుర్రాడు బాబ్ వాలెస్ ఇంకా చిన్నవాడు.

ఇక బెర్టోనేలో మార్చెల్లో గాందీనీ పని చూడండి. అతని వయసు ఇరవై ఏడు. ముందు భాగంలో ఇంజను లేదు కనుక ముక్కును నేలకు ఆనేంత కిందికి దించాడు. కారు మొత్తం ఎత్తు మీటరు మీద అయిదు సెంటీమీటర్లు. ముక్కు అంత పల్చబడితే హెడ్‌లైట్లు నిలబడడానికి చోటుండదు. అందుకే అవి ఆకాశం చూస్తూ వెల్లకిలా పడుకుంటాయి, వెలిగించినప్పుడు లేస్తాయి. వాటి చుట్టూ కనురెప్పల వెంట్రుకల్లాంటి నల్లటి పట్టీలు. వెనక ఇంజను వేడి పైకి పోవాలి, డ్రైవరుకు వెనక దారీ కనిపించాలి. గాజుకు బదులు ఏటవాలుగా పేర్చిన నల్ల రెక్కలతో రెండు పనులూ తీరాయి. ముందు తొడుగు, వెనక తొడుగు పెట్టె మూతల్లా ఒక్క ముక్కగా లేస్తాయి, లోపలి పని మెకానిక్కు చేతికి అందుతుంది. అలంకారం కోసమే అనదగ్గది ఆ కనురెప్పలు తప్ప వెతికినా దొరకదు. వెనక నడుము దగ్గర ఉబికిన ఆ వంపు అడ్డంగా కూర్చున్న ఇంజను భుజాలకు తగ్గట్టు వచ్చింది. పోట్ల గిత్తలను పెంచిన స్పెయిన్ వంశం పేరు ఈ కారుకు పెట్టినవాళ్లు ఆ వంపు చూసే పెట్టారనిపిస్తుంది.

ఆ గీతలు అసలు బెర్టోనేలో గాందీనీకి ముందున్న డిజైనర్ జుజారో మొదలుపెట్టినవనీ, 1965లో అతను బెర్టోనే వదిలి వెళ్లాక గాందీనీ ముగించాడనీ ఒక వాదం దశాబ్దాలు నడిచింది. జుజారో గొప్పవాడే. అయినా ఈ చాసిస్ కొలతలకు ఇంత బిగువుగా అమరిన బాడీ పాత కాగితాల కట్టలోంచి ఊడిపడేది కాదు. దాన్ని గాందీనీ పనిగానే నేను లెక్కిస్తాను. ఇంజను మధ్యలో ఉన్న కార్లు అంతకు ముందే పందాల్లో పరిగెత్తాయి కదా అనేవాళ్లకూ జవాబుంది. పందెం కారులో సౌకర్యం అడిగేవాడు లేడు. వీ-12ను మధ్యలో పెట్టి, కొన్నవాడు రోడ్డు మీద తోలుకునే కారుగా వరసగా తయారుచేసి అమ్మడం వేరే సంగతి. అదే 1968లో ఫెరారీ వాళ్లు డేటోనాను ఇంజను ముందు పెట్టుకునే తెచ్చారు. సీట్ల వెనక పన్నెండు సిలిండర్లు పెట్టిన వాళ్ల రోడ్డు కారు అమ్మకానికి వచ్చేసరికి 1973 అయింది, అప్పటికి మియురా కథే ముగుస్తోంది. ఫెరారీ భక్తులు నొచ్చుకున్నా సరే, ఆ ఏడేళ్ల తేడాను చెరపలేరు.

బరువైన ఆక్షేపణ మరొకటుంది, మియురా లోపాల పుట్ట అని. అది అబద్ధం కాదు. పెట్రోలు ట్యాంకు ముందుండడం వల్ల పెట్రోలు తగ్గేకొద్దీ ముక్కు తేలికై, పెద్ద వేగంలో పైకి తేలేది. పందాల కోసం చేసిన వెబర్ కార్బురేటర్లలోంచి పెట్రోలు పొర్లి మంటలంటుకున్న కార్లున్నాయి. ఇంజనుకూ గేర్ బాక్సుకూ ఒకే నూనె కావడంతో గేర్ల పళ్లు అరిగిన లోహపు పొడి ఇంజనులోకి చేరేది. ఇవన్నీ దాచనక్కర్లేదు. ఏడేళ్లలో లంబోర్గిని వాళ్లు ఎంత దిద్దారో కూడా చెప్పాలి. మొదటి పీ400లో 350 గుర్రాల శక్తి, 1968 నాటి ఎస్‌లో 370, 1971 నాటి ఎస్‌వీలో 385. ఎస్‌వీకి వెనక టైర్లు వెడల్పయ్యాయి, సస్పెన్షన్ మారింది, చివరి కార్లలో రెండు నూనెలూ వేరుపడ్డాయి. ఈ దిద్దుబాటు జరిగినన్నాళ్లూ ఇంజను అడ్డంగానే ఉంది, రూపం చెదరలేదు. 1973లో తయారీ ఆగేలోగా బయటికొచ్చినవి 760 పైచిలుకు మాత్రమే.

ఒళ్లు మండేది ఇప్పటి అనుకరణలు చూస్తే. గాలి పోని గాలి రంధ్రాలు, ప్లాస్టిక్ ముక్కలతో అతికించిన జాలీలు, కింద ఏ ఇంజనున్నా పైన పాత గీతలు. మియురాకు నలభై ఏళ్లు నిండిన 2006లో సాక్షాత్తూ లంబోర్గినియే పాత రూపాన్ని కొత్త కారు మీద తొడిగి చూపించింది. అమ్మకానికి తేకపోవడమే మేలైంది. 2021లో గాందీనీయే గీసిన మరో పాత లంబోర్గిని కారు కుంటాష్ పేరును మళ్లీ తెచ్చినప్పుడు ఆయన బహిరంగంగానే దానితో తనకు సంబంధం లేదన్నాడు. గతాన్ని తిరగేయడం తన పద్ధతికే విరుద్ధమని ఆ పెద్దాయన ఉద్దేశం. అప్పటికే ఆయన పనిచేసిన బెర్టోనే 2014లో దివాలా తీసింది. 2024 మార్చిలో ఆయనా వెళ్లిపోయాడు. ప్రమాదాల నిబంధనలు మారాయి, అంత పల్చటి ముక్కు ఇప్పుడు కుదరదంటారు. ఒప్పుకుంటాను. ఇప్పటి నిబంధనల్లోంచి ఇప్పటి రూపం పుట్టాలి, అంతేగాని చచ్చిన కారు చర్మం ఒలిచి కప్పుకోవడం ఏం పని? కారు డిజైను చదివే పిల్లలకు మియురా బొమ్మను పక్క నుంచి చూపించి సరిపెట్టకండి. ముందు బాడీ లేని ఆ టూరిన్ చాసిస్ ఫొటో చూపించండి. దాని మీద తొడుగు గీయమనండి.