‘చైనాటౌన్’లో కనపడని లోయ

లాస్ ఏంజెలెస్ నీళ్ళ గురించి మాటొస్తే సినిమా పిచ్చి ఉన్నవాళ్ళెవరైనా ముందు ‘చైనాటౌన్’ (1974) పేరే చెప్తారు. రాబర్ట్ టౌన్ స్క్రిప్టు, రోమన్ పొలాన్‌స్కీ దర్శకత్వం. కథ జరిగేది 1937లో. ఊరంతా కరువు. రాత్రయితే మాత్రం ఎవరో తూములెత్తి మంచినీళ్ళు వృథాగా వదిలేస్తుంటారు. పక్క లోయలో రైతుల ట్యాంకులు పేల్చి, బావుల్లో విషం కలిపి, భూములు కారుచౌకగా కొనేస్తుంటారు, అదీ వృద్ధాశ్రమంలోని ముసలివాళ్ళ పేర్ల మీద. కొత్త డ్యామ్ కట్టగానే నీళ్ళొచ్చేది ఆ భూములకే. అంతా చేయిస్తున్నది నోవా క్రాస్ (జాన్ హ్యూస్టన్) అనే పెద్దమనిషి.

సినిమా నాకు చాలా ఇష్టం. కౌన్సిల్ సమావేశంలోకి ఒక రైతు గొర్రెలమందని తోలుకొచ్చే సీను కోసమే ఎన్నిసార్లైనా చూడొచ్చు. నా పేచీ వేరే. నీటి రాజకీయాలకు దీన్ని పాఠంలా చూపిస్తుంటారే, దాంతో.

అసలు కథకి డిటెక్టివ్ అవసరమే లేదు. 1900లో లక్ష జనాభా ఉన్న ఊరు పదేళ్ళలో మూడు లక్షలు దాటింది. దాన్ని నమ్ముకుని పెరగడానికి అక్కడున్న నది చిన్నది. ఉత్తరాన ఓవెన్స్ లోయలో భూములూ నీటి హక్కులూ కొనడం మొదట గుట్టుగానే జరిగింది. కానీ 1905లోనే పత్రికలో వచ్చేసింది. జనం ఓటేసి, భారీ మెజారిటీతో బాండ్లకు ఒప్పుకున్నారు. 1907లో మళ్ళీ ఒప్పుకున్నారు. 1913లో 375 కిలోమీటర్ల కాలువ తయారైంది. ఒక్క పంపు లేదు, నీళ్ళు వాలు మీదే వస్తాయి. ఇంజినీరింగ్ చదివినవాడిగా నాకు ఇక్కడ చప్పట్లు కొట్టాలనే ఉంటుంది. ఊరికి మిగిలిన నీళ్ళు శాన్ ఫెర్నాండో లోయ పొలాలకు వెళ్ళాయి. ఆ భూముల్ని పత్రికాధిపతులతో సహా కొందరు ఆసాములు ముందే కొనిపెట్టుకున్నారు. క్రాస్ పుట్టింది వాళ్ళలోంచే. ఓవెన్స్ రైతులు 1924లో కాలువని డైనమైట్‌తో పేల్చారు, తూములు ఆక్రమించారు. అయినా ఆ దశాబ్దంలోనే ఓవెన్స్ చెరువు ఎండిపోయింది.

సినిమాలో ఈ లోయ లేదు. 375 కిలోమీటర్ల దూరంలో ఉన్న బాధితుల్ని టౌన్ ఊరిపక్క నారింజ తోటల్లోకి తెచ్చాడు. హీరో కారేసుకుని వెళ్ళి తన్నులు తిని రాగలిగినంత దగ్గరికి. నాటకానికి బానే పనికొచ్చింది. కానీ కుళాయి తిప్పే చేతికీ ఎండిన చెరువుకీ మధ్య ఉన్న దూరం పోయింది. అవతలివాళ్ళు కంటికి కనపడకపోవడం వల్లే కదా అన్ని ఓట్లు పడ్డాయి!

ఇంకో మార్పు నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కాలువ కట్టించిన విలియం మల్‌హాలండ్‌ని టౌన్ రెండు ముక్కలు చేశాడు. నీళ్ళు ప్రజలవే అనే నిజాయితీ ఇంజినీరు హాలిస్ మల్‌రే ఒకటి, క్రాస్ రెండోది. సినిమాలో మల్‌రే పాత డ్యామ్ కూలి జనం పోయారని కొత్తది కట్టనంటాడు. నిజంలో మల్‌హాలండ్ కట్టించిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ 1928 మార్చి 12 అర్ధరాత్రికి కాస్త ముందు కూలి 400 మందికి పైగా పోయారు. దానికి పన్నెండు గంటల ముందు ఆయనే వచ్చి, లీకు చూసి, పర్లేదు అని వెళ్ళాడు. (రిలీజుకి ముందు అన్నీ చూసి ‘ఓకే’ కొట్టే మావాళ్ళందరికీ ఈ కథ చెప్పాలి.) నిజాయితీపరుడు, ఊరి మీద ప్రేమున్నవాడు, లోయని ఎండగట్టినవాడు, ముగ్గురూ ఒక్కడే. అలాంటి మనిషిని రాయడం కష్టం. టౌన్ రాయలేదు.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏప్రిల్ రాగానే ట్యాంకర్ రేట్ల గొడవ మొదలవుతుంది. మా కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎక్కి వస్తాయి, ఫ్లోరైడ్ నీళ్ళకు ఎముకలు వంగిపోయిన మనుషులున్న నల్గొండ జిల్లా మీదుగా. చాలకపోతే ఎల్లంపల్లి నుంచి గోదావరి. ఇందులో క్రాస్ ఎవరని వెతికితే దొరకడు. ప్రెషర్ తగ్గిందని ఫిర్యాదు పెట్టేవాళ్ళు మాత్రం గ్రూపు నిండా ఉంటారు. ‘చైనాటౌన్’ మా గ్రూపులో అందరికీ నచ్చుతుంది. అందులో మమ్మల్ని ఏమీ అనరు.

ఎండిన ఓవెన్స్ చెరువు మీద దుమ్ము లేస్తోందని 2001 నుంచి నగరమే తన కాలువ నీళ్ళలో కొన్నిటిని మళ్ళీ ఆ చెరువు మీద పారిస్తోంది. దుమ్ము అణచడానికి ఇప్పటికే వందకోట్ల డాలర్లు దాటి ఖర్చయింది. అది సినిమాగా తీస్తే నేను చూస్తాను.