ముక్కెర, విశేషకం, మేలిముసుగు: ప్రణయ త్యాగాల తులనాత్మక పరిశీలన

కూచిపూడి భామాకలాపాన్ని వివరించేవారిలో చాలామంది సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ అని చెప్పి ఊరుకుంటారు. ఈ అన్వయం తప్పు కాదు. కాని దాని చాటున ఒక కీలక సన్నివేశం మరుగున పడుతున్నది. కృష్ణునికి లేఖ అందజేయడానికి మాధవి ప్రతిఫలం అడుగుతుంది; అడిగేది ముక్కెరను. అది సువాసిని సొమ్ము. పతిని రప్పించుకోవడానికి పతి ఉన్నాడన్న గుర్తునే ఇచ్చివేయవలసి వస్తుంది. ప్రేక్షకులు నవ్వుతారు, ఆ నవ్వులోనే భామ గర్వం ఒక మెట్టు దిగుతుంది.

కలాపకర్త సిద్ధేంద్రయోగి సన్న్యాసి. కృష్ణానది వరదలో చిక్కుకొని ఆపత్సన్న్యాసం స్వీకరించాడని ఐతిహ్యం. ప్రాణానికి బదులుగా సంసారాన్ని ఇచ్చినవాడు లేఖకు బదులుగా ముక్కెరను ఇప్పించడం కాకతాళీయమని నాకు తోచదు.

కూచిపూడికి చేరువలోని ఘంటసాల బౌద్ధస్తూపం ఈ నేలకు మరొక త్యాగమార్గమూ పరిచితమేనని గుర్తుచేస్తుంది. ఆ మార్గానికి చెందిన అశ్వఘోషుని సౌందరనందంలోనూ అలంకారమే కేంద్రం. ముఖంపై దిద్దిన విశేషకం తడి ఆరకముందే తిరిగిరమ్మని సుందరి నందుణ్ణి పంపుతుంది. అతడు రాడు. ఆమె నగలను నలుదిక్కులకూ విసిరివేస్తుంది, అందుకొనేవారు లేరు. ఆపైన కావ్యం నందుని వెంటే నడుస్తుంది. అతని మోహం మొదట అప్సరసలపైకి మళ్లి, ఆనందుని మాటతో సిగ్గుపడి, చివరకు శమిస్తుంది. సుందరి భవిష్యత్తు 18వ సర్గలో బుద్ధుని నోట ప్రస్తావనగానే మిగులుతుంది. నందుని విముక్తిని ఎంత మెచ్చుకున్నా, ఈ మౌనం పాఠకుణ్ణి బాధిస్తుంది.

తొలి క్రైస్తవ మార్మికుల తీరు వేరు. పరమగీతంలోని వధువును 3వ శతాబ్దిలో ఒరిజెన్ సంఘంగా, ఆత్మగా వ్యాఖ్యానించాడు. దేహవాంఛలు వీడనివారు ఆ గ్రంథం జోలికి పోరాదనీ హెచ్చరించాడు. మన కలాపమో ఊరివారందరి నడుమ రాత్రివేళ ప్రదర్శించేది! 4వ శతాబ్దివాడైన నిస్సా గ్రెగరీ వ్యాఖ్య మరింత సన్నిహితమైనది. ప్రియుని వెదుకుతూ తిరిగే వధువు మేలిముసుగును కావలివారు లాగివేస్తారు. గ్రెగరీ దానిని అవమానంగా గాక అనుగ్రహంగా చదివాడు. కోరిక తీరదన్న నిరాశే ఆ ముసుగు. నిరంతరం ముందుకు సాగడమే కోరిక తీరడమని తెలిసినప్పుడు అది తొలగుతుంది.

సుందరి విసిరింది, వధువు కోల్పోయింది, భామ బేరమాడి ఇచ్చింది. మూడింటిలో ఇచ్చే చేతికి ఎదురుగా పుచ్చుకొనే చేయి ఉన్నది భామాకలాపంలోనే. పైగా అక్కడ ప్రియుడు నిజంగానే రంగస్థలం మీదికి వస్తాడు. వచ్చాక కూడా సత్యభామ అతనితో వాదానికి దిగుతుంది. జీవాత్మ అన్వయాన్ని ఆశ్రయించేవారు ముందుగా సమాధానం చెప్పవలసింది ఈ కలహానికే.