పెళ్లిళ్లు తీసిన కెమెరా

ఈ వారం నంద్యాల నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. డిగ్రీ అయింది, షార్ట్ ఫిల్మ్ తీయాలి, చేతిలో లక్షన్నర ఉంది. అందులో సగం వాళ్లమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బు. "బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కె కొనమంటారా, సోనీ ఎఫ్ఎక్స్30 కొనమంటారా సార్?" అన్నాడు. "మరి లెన్సు, మైకు, ట్రైపాడ్?" అన్నాను. "అవి తర్వాత చూసుకుంటాలెండి సార్" అన్నాడు. ఆ చీటీ డబ్బు వారమంతా నా మనసులో మెదులుతూనే ఉంది.

రెండూ మంచి కెమెరాలే. పాకెట్ 4కె 2018లో 1,295 డాలర్లకు వచ్చినప్పుడు, 4కె రా ఫార్మాట్ ఇన్నాళ్లకు పేద పిల్లల చేతికి అందిందని సంబరపడ్డవాణ్ని. ఎడిటింగ్‌కూ కలర్‌కూ పనికొచ్చే దావించి రిజాల్వ్ స్టూడియో లైసెన్సు కూడా దాంతోపాటే ఇస్తారు. కానీ దాని చిన్న బ్యాటరీ గంటసేపు నిలవడం కష్టం. చెయ్యి వణికితే బాడీలో ఆపే ఏర్పాటు లేదు. రా ఫైళ్లకు ఎస్ఎస్‌డీ ఉంటేనే సుఖం, ఆ ఎస్ఎస్‌డీని బిగించడానికి కేజ్ కావాలి. 2022లో వచ్చిన ఎఫ్ఎక్స్30 బ్యాటరీ, వణుకు విషయాల్లో నయం, ధర మాత్రం ఇంకా పైన. ఉన్నదంతా బాడీకే పోస్తే కెమెరా బీరువాలో ఉంటుంది, సినిమా బుర్రలోనే ఉండిపోతుంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట కంఠతా వచ్చేసి ఉంటుంది. ముందు మైకు, తర్వాత ట్రైపాడ్, ఆ తర్వాత కిటికీలోంచి పడే వెలుగు, కెమెరా ఆఖరున. దానికి నేనిచ్చే సాక్ష్యాలూ మీకు తెలుసు. రామ్‌గోపాల్ వర్మ 2011లో 'దొంగల ముఠా'ను కానన్ 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో తీశాడు. అమెరికాలో శాన్ బేకర్ 2015 నాటి 'టాంజరిన్'ను ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు. కాబట్టి "ఫోన్ చాలు బాబూ, అమ్మ డబ్బు అమ్మకిచ్చెయ్" అని చెప్పేద్దామనే అనుకున్నాను.

ఆ రాత్రి 'సినిమా బండి' అనే తెలుగు సినిమా మళ్లీ చూశాను. అందులో ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరా ఆటో డ్రైవర్ వీరబాబుకు దొరకడం గురించే అందరం మాట్లాడుకుంటాం. నా కళ్లు ఈసారి ఆ ఊళ్లో పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడి మీద నిలిచాయి. అతనే లేకపోతే ఆ కెమెరాతో వీరబాబు ఏం చేసేవాడు?

మా ఊళ్లోనూ ఒక వీడియో అన్న ఉండేవాడు. భుజాన పానాసోనిక్ వీహెచ్ఎస్ కెమెరా, పక్కన లైటు పట్టుకునే మనిషి, వెనకాల వైరు చుట్ట మోస్తూ నేను. వేసవి సెలవుల్లో నాకదే పని. పెళ్లింట్లో అడుగు పెట్టగానే అన్న ముందు వెతికేది తెల్లగుడ్డ. పురోహితుడిగారి ఉత్తరీయమో, పెళ్లికొడుకు తండ్రి పంచో, ఏది ముందు కనిపిస్తే దాన్ని ఫ్రేము నిండా పట్టి వైట్ బ్యాలెన్స్ బటన్ నొక్కేవాడు. లోపల ట్యూబ్‌లైటు కింద ఒకసారి, బయట పందిట్లో మళ్లీ. ఎందుకన్నా అని అడిగితే, "తెలుపేదో కెమెరాకి మనమే చెప్పాల్రా. చెప్పకపోతే అమ్మాయి ముఖం ఆల్బమంతా ఒకలా, క్యాసెట్‌లో ఒకలా ఉంటుంది" అన్నాడు.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి రీటేక్ లేదు. గట్టిమేళం మొదలవగానే చుట్టాలంతా లేచి అడ్డంగా నిలబడతారని అన్నకు ముందే తెలుసు. మంగళసూత్రం పళ్లెం అందరి చేతులకూ తిప్పుతుండగానే స్టూలు తెచ్చుకుని పెళ్లిపీటలకు ఓరగా ఒక మూల సంపాదించేవాడు. ముడి వేసే చేతులు, ఆ వెంటనే అమ్మాయి తల్లి ముఖం. ఆ రెండూ ఒకే షాట్‌లో పడాలంటే ఎక్కడ నిలబడాలో లెక్క వేసుకునేవాడు. దాన్ని బ్లాకింగ్ అంటారని నేను ఆ తర్వాత చాలా ఏళ్లకు పుస్తకాల్లో చదివాను.

ఈ పనుల్లో సగం ఇవాళ ఫోనే చేసేస్తుంది. ముఖం కనపడితే ఫోకస్ పట్టేస్తుంది, నీడ కనపడితే లేపేస్తుంది, తెలుపేదో దానంతటదే తేల్చుకుంటుంది. చాలా ఫోన్లలో అపెర్చర్ మార్చే వీలే ఉండదు. అప్పటికే నాలుగు సినిమాలు తీసిన శాన్ బేకర్‌కు ఏది ఫోనుకు వదలాలో, ఏది వదలకూడదో తెలుసు. 1989లోనే 'శివ' తీసిన వర్మకూ తెలుసు. నంద్యాల కుర్రాడు ఇంకా ఆ నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకోవాలి. అందుకు అతనికి తన తరఫున ఏదీ తేల్చని యంత్రం కావాలి. అంటే కెమెరానే కావాలి.

మన ఎండనే తీసుకోండి. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 400లో ఎఫ్16, షట్టర్ 1/400 పెడితే ఎక్స్‌పోజర్ సరిపోతుంది. కానీ సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కనక ట్యూబ్‌లైటు కింద కూడా ఆ 1/50కి ఫ్లికర్ రాదు. ఇప్పుడు మనిషి వెనకున్న వీధి మసకబారాలని అపెర్చర్‌ను ఎఫ్2.8కి తెరిస్తే అక్కడ ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు), షట్టర్ దగ్గర మూడు. మొత్తం ఎనిమిది స్టాపులు, అంటే 256 రెట్ల వెలుగు ఎక్కువ పడుతుంది. దాన్ని ఆపేది ఎన్‌డీ ఫిల్టర్. రింగు తిప్పుతూ ఈ లెక్క నాలుగు మధ్యాహ్నాలు వేసిన పిల్లవాడికి వెలుగును చూసే కన్ను వస్తుంది.

అందుకని అతనికి ఇలా చెప్పాను. కొత్తది వద్దు. మీ ఊళ్లో పెళ్లిళ్ల స్టూడియోలు తిరుగు. కొత్త కెమెరాకు మారినవాళ్ల దగ్గర పాత పానాసోనిక్ జీహెచ్5 లాంటిది ఉంటుంది. 2017 నాటిదే అయినా 4కెలో 10 బిట్ లోపలే రికార్డు చేస్తుంది. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే ఇందులో 1,024, కాబట్టి సాయంత్రపు ఆకాశం చారలు పడదు. బాడీలో స్టెబిలైజేషన్ ఉంది. అడాప్టర్ వేస్తే అపెర్చర్ రింగున్న పాత నికాన్ లెన్సులు ఎక్కుతాయి. సెన్సరు చిన్నది గనక 50 ఎంఎం లెన్సు 100 ఎంఎంలా ఇరుకుగా చూపిస్తుంది. ఇంట్లో తీయడానికి 25 దగ్గర్లో ఒకటి చూసుకో. మిగిలిన డబ్బు వేరియబుల్ ఎన్‌డీకి, ఫ్లూయిడ్ హెడ్ ట్రైపాడ్‌కు, మైకుకు, రికార్డరుకు. అమ్మినాయన్ని బతిమాలుకుని వచ్చే ముహూర్తాలకు ఆయన వెంట అసిస్టెంటుగా వెళ్లు, జీతం ఇవ్వకపోయినా సరే.

కొనేముందు ఒక గంట ఆపకుండా రికార్డు చేసి చూడు. లెన్సుకు మూత పెట్టి నల్ల ఫ్రేములో మెరిసే చుక్కలున్నాయేమో వెతుకు. హెచ్‌డీఎంఐ పోర్టు కదుపు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకు పిన్ను మెల్లగా తిప్పి విను. అక్కడ గరగర వినిపిస్తే మాత్రం ఎంత తగ్గిస్తానన్నా తీసుకోవద్దు.